రాతి మీద అరిగిన మాట

ఆ వీధిలో ఆమెను అందరూ అక్షరాలమ్మ అంటారు. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కడం ఆమె పని. సమాధుల తోట ప్రహరీగోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు, షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు, వెనక ఒక గది, గదిలో రెండు మంచాలు, కిటికీ కింద స్టవ్వు. అదీ ఆమె లోకం. ఏభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా కనుబొమల దాకా తెల్లటి రాతిపొడితో ఉంటుంది.

"నాకు జుట్టు నెరిసిందో లేదో నాకే తెలీదు. తలంటుకున్న రోజు చూసుకోవాలి" అని తన మీద తనే జోకులేసుకుంటుంది.

పని నేర్పింది తండ్రి. ఆయనకు ఒక్క అక్షరం కూడా రాదు. ఎవరు ఏ భాషలో రాసి తెచ్చినా అక్షరాన్ని బొమ్మలా చూసి రాతి మీదికి దించేసేవాడు. చెయ్యి అంత నిలకడ. అయితే ఒకసారి కాగితం తిరగేసి పట్టుకుని, ఎవరిదో పేరు సగం దాకా తలకిందులుగా చెక్కేశాడు. రాయి పాడైంది, వచ్చినవాళ్ళు నానా మాటలూ అన్నారు. ఆ రాయిని పెరట్లో వేసుకుని దాని మీదే బట్టలు ఉతుక్కున్నారు. మర్నాడే కూతుర్ని బళ్ళో వేశాడు.

"నువ్వు నాలుగు ముక్కలు నేర్చుకోవే అమ్మా. ఏది పైనో ఏది కిందో నాకు చెబుదువు గాని" అన్నాడు.

అలా ఆమె చదువు ఎనిమిదో తరగతి దాకా సాగింది. తల్లి పోవడంతో ఆగింది. అప్పటికి తమ్ముడు ఇంకా చిన్నపిల్లాడు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన మాట కూడా నలుగురికీ అర్థమయ్యేలా రావడానికి చాలా కాలం పట్టింది. బళ్ళో వేస్తే వారం తిరక్కుండా చెయ్యి పట్టుకుని తెచ్చి ఇంట్లో దింపి వెళ్ళారు. వీధిలో వాళ్ళు వాడికి పెట్టిన పేరు వెర్రిబాగులోడు. ఇంట్లో మాత్రం చిన్నోడు. ఇప్పుడు నలభై దాటినా చిన్నోడే.

వాణ్ణి ఎవరైనా ఒక మాటంటే అక్షరాలమ్మకు ఒళ్ళు మండేది. చిన్నప్పుడు కొట్లాడేది, పెద్దయ్యాక ముఖం మీదే కడిగేసేది. ఒక రాళ్ళ వ్యాపారి కొడుకు ఆమెను చేసుకుంటానని వచ్చాడు. మనిషి మంచివాడే. అన్నీ కుదిరాక, "మీ తమ్ముణ్ణి అలాంటివాళ్ళ కోసం ఉండే చోట ఎక్కడైనా పెడదాం. వారానికోసారి వెళ్ళి చూసొద్దాం" అన్నాడు. ఆమె చేతిలో ఉన్న రాయి పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, టీ ఇచ్చి పంపేసింది. ఆ సంబంధం అంతటితో రాతిపొడిలో కలిసిపోయింది. ఎప్పుడైనా ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "టీ బాగానే తాగాడు" అని ఊరుకుంటుంది.

తండ్రి పోయాక పనంతా ఆమెదే. చిన్నోడు కూడా ఊరికే ఉండేవాడు కాదు. తెల్లారగానే బకెట్టు, బ్రష్షు పట్టుకుని సమాధుల తోటలోకి వెళ్ళి రాళ్ళు కడిగేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. నాచు గీకుతాడు, ఎండుటాకులు ఏరుతాడు, కడిగిన రాయితో కబుర్లు చెబుతాడు. అక్కడి కాపలా తాతకు మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచే, "ఒరేయ్, ఆ మూల కూడా ఒక చెయ్యి వెయ్యరా" అనేవాడు. చిన్నోడు పరమానందంగా ఆ మూలకు పరిగెత్తేవాడు.

ఆ మూలనే ఉంది వాడికి ఇష్టమైన రాయి.

అది బాగా పాతది. పైభాగం విరిగిపోయింది, దాంతో పాటే చచ్చిపోయిన మనిషి పేరు కూడా పోయింది. మిగిలినవి రెండు ఇంగ్లీషు వాక్యాలు. రెండో వాక్యం తేలికే: ఆమె పెంచిన పిల్లలు ఈ రాయి పెట్టించారని. అంటే ఎవరో ఆయా అన్నమాట. మొదటి వాక్యంలోనే ఉంది తంటా. పెద్దబడి, అంటే కాపిటల్ అక్షరాల్లో స్పష్టంగా, లోతుగా, 'ఒక సిల్లీ ఆత్మ' అని ఉంది.

పక్క బడిలో పిల్లలు గోడ సందులోంచి దూరి అడ్డదారిన ఇళ్ళకు పోతుంటారు. సిల్లీ అంటే తెలివితక్కువ అని వాళ్ళకు బళ్ళో చెప్పారు. ఒకడు ఆ రాయి చదివి కిసుక్కుమన్నాడు. ఇంకొకడు దాన్ని కడుగుతున్న చిన్నోణ్ణి చూసి, "మామా, దీని మీద నీ పేరే ఉంది. సిల్లీ మామ!" అన్నాడు.

చిన్నోడు నోరెళ్ళబెట్టాడు. తన పేరు రాతి మీద ఉందా? ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య? బకెట్టు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! నా పేరు రాయి మీద ఉంది! నువ్వు చెప్పనే లేదు!"

అక్షరాలమ్మకు సంగతి అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఉలి ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. ఆ రాయి ఆమెకు తెలియనిది కాదు. ఆమె బళ్ళో చదువుకునే రోజుల్లో, అక్షరాలు అరిగిపోతున్నాయని తోట కమిటీవాళ్ళు తండ్రిని పిలిచి పాత రాళ్ళన్నీ మళ్ళీ చెక్కించారు. ఆ పక్కన కూచుని సుద్దముక్క అందిస్తూ ఆమె అడిగింది కూడా.

"నాన్నా, ఇదేంటి? పోయినావిడను తెలివితక్కువదని రాశారు!"

"వాళ్ళ మనిషి, వాళ్ళ మాట. మనం రాయి మీద ఉన్నది చెక్కాలి గాని మనసులో ఉన్నది కాదు" అన్నాడు తండ్రి. అన్నట్టే, కళ్ళకు కనబడ్డ గీతను కనబడ్డట్టు లోతు చేసి వదిలాడు.

"అది నీ పేరు కాదురా" అంది తమ్ముడితో.

"పిల్లలు చదివారు. వాళ్ళకు చదువొచ్చు" అన్నాడు చిన్నోడు. ఇక దాని మీద మాట లేదు. ఆ రోజునుంచి మిగతా రాళ్ళకు ఒక చెయ్యి అయితే ఆ రాయికి నాలుగు చేతులు.

ఆమె దాన్ని మింగలేక కక్కలేక కొన్నాళ్ళు గడిపింది. వాడి సంతోషం చూస్తే ఏమీ అనబుద్ధి కాదు. పిల్లల నవ్వు వింటే సుత్తి దెబ్బ గురి తప్పుతుంది.

ఒక రోజు పాలరాతి పలక బేరం చేయడానికి ఒక కుర్రజంట వచ్చింది. బేరం అయ్యాక అమ్మాయి ఫోను తీసి, "ఇది మీ పక్క తోటలోదేనటగా ఆంటీ! అందరూ పంపించుకుంటున్నారు, చూడండి" అని నవ్వుతూ చూపించింది. ఫోనులో ఆ రాయి. రాయి పక్కన చిన్నోడు. ఛాతీ విరుచుకుని, తడి బ్రష్షు సైనికుడి తుపాకీలా భుజానికి ఆనించి, మిగిలిన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. కింద ఏవో మాటలు, ఆ మాటల కింద నవ్వు బొమ్మలు.

"బాగుంది కదా?" అంది అమ్మాయి.

"మా తమ్ముడు" అంది అక్షరాలమ్మ.

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోను చటుక్కున సంచిలో దాచేసింది. పక్కనున్న కుర్రాడు నేల చూపులు చూశాడు. వాళ్ళు వెళ్ళాక అక్షరాలమ్మ పెద్ద ఉలీ, బరువు సుత్తీ తీసుకుని సమాధుల తోటలోకి నడిచింది. కమిటీని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ మాట ఒక్కటి లేపేస్తే పీడా పోతుంది, అంతే.

రాయి ముందు మోకాళ్ళ మీద కూచుని ఉలి ఆనించింది. సుత్తి ఎత్తింది.

"అక్కా!"

చిన్నోడు ఎక్కణ్ణుంచి వచ్చాడో, వచ్చి రాయికీ ఆమెకీ మధ్య దూరిపోయాడు. రెండు చేతులతో రాయిని కావలించుకుని చెంప ఆనించాడు. సుత్తి వాడి తలకు జానెడు దూరంలో ఆగింది.

"లెగరా."

"లెగను."

"వాళ్ళంతా నిన్ను చూసి నవ్వుతున్నార్రా పిచ్చి సన్నాసీ! నీకు తెలీదు!"

"తెలుసు" అన్నాడు వాడు రాయిని వదలకుండా. "నేనూ నవ్వుతా కదా వాళ్ళతో. నువ్వే నవ్వవు. నువ్వు ఉలి తెచ్చావు. నాన్న చెక్కిందాన్ని కొడతావా?"

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెకు ఎదురు చెప్పింది అదే మొదలు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి గాని గొంతు వణకలేదు. ఆమె చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఉలి సంచిలో వేసుకుని వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ ఎదురెదురుగా కూచుని, ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ భోజనం చేశారు. చెయ్యి కడుక్కున్నాక చిన్నోడే ఆమె చెంబులో నీళ్ళు నింపి మంచం పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చాడు.

ఆయన ఎన్నో ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మొన్నామధ్య భార్య పోయింది. ఆమె రాయి కోసం వచ్చి వెళుతున్నాడు గాని, దాని మీద ఏం రాయించాలో తేల్చుకోలేక పోతున్నాడు. ఒకసారి నాలుగు పంక్తులు తెస్తాడు, మర్నాడు వచ్చి అవన్నీ ఎక్కువయ్యాయంటాడు. ఒకసారి ఏమీ వద్దంటాడు, గేటు దాటి మళ్ళీ వెనక్కి వచ్చి మరీ ఏమీ లేకపోతే ఎలా అంటాడు. అక్షరాలమ్మ విసుక్కునేది కాదు. ఇంటికెళితే మాట్లాడేవాళ్ళు లేని మనిషని ఆమెకు అర్థమైంది.

ఆ రోజు మాత్రం ఆమె ముఖం చూసి ఆయనే ఆగాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

ఎవరికీ చెప్పకూడదనుకున్నది కాస్తా ఒక్క ఊపున చెప్పేసింది. రాయి, పిల్లలు, ఫోను, సుత్తి, తమ్ముడు అన్న మాటలు, అన్నీ. మాస్టారు అంతా విన్నాక, "ఒకసారి చూద్దాం పద" అన్నాడు.

చిన్నోడు అప్పటికే అక్కడున్నాడు. అక్కను చూడగానే బ్రష్షు కింద పెట్టి రాయికి అడ్డంగా నిలబడ్డాడు.

"చేతులు చూడు, ఖాళీ" అని ఆమె రెండు చేతులూ చాపింది. వాడు చేతులతో పాటు ఆమె వీపు వెనక్కి కూడా తొంగి చూసి అప్పుడు పక్కకు జరిగాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రెండు పంక్తులూ చదివాడు. మళ్ళీ చదివాడు. తల గోక్కున్నాడు.

"చిత్రంగా ఉందే. తమని పెంచిన మనిషికి పిల్లలు ఇంత ఖర్చుపెట్టి రాయి వేయించి, తెలివితక్కువది అని రాయిస్తారా?"

"నేనూ అదే అడిగా మా నాన్నని."

"ఆయనేమన్నారు?"

"వాళ్ళ మనిషి, వాళ్ళ మాట అన్నాడు."

మాస్టారు ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "సిల్లీకి ఒక తల్లి ఉందమ్మా" అన్నాడు. "ఇప్పుడెవరూ వాడరు, డిక్షనరీల్లో మాత్రం మిగిలింది. సీలీ అని. మా క్లాసులో ఏడాదికోసారి చెప్పేవాణ్ణి, పిల్లలు ఏడాదికోసారి మర్చిపోయేవాళ్ళు. సిల్లీలోలా ఐ, ఎల్ కాదు. ఎస్, తర్వాత రెండు ఈలు, ఎల్, వై."

"దానికి అర్థం?"

"ధన్యుడు. దేవుడి చల్లని చూపు పడ్డవాడు."

అక్షరాలమ్మ రాయి వైపు చూసింది. ఇన్నాళ్ళూ మాటను చూసి మండిపడిందే గాని, పనివాడి కంటితో అక్షరాలను చూడలేదు. ఇప్పుడు చూసేసరికి మొట్టమొదట కనబడింది అక్షరాల మధ్య ఎడం. ఐ అక్షరం సన్నది. అటూ ఇటూ అంత చోటు అక్కర్లేదు. చెయ్యి తిరిగిన వాడెవడూ ఐ తర్వాత అంత జాగా ఖాళీగా వదలడు. అక్కడ ఇంకేదో ఉండాలి.

ఆమె రాయికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మాస్టారూ, ఈ పాత పద్ధతి అక్షరాల్లో నిలువు గీత లావు, అడ్డగీత సన్నం. లావు గీత లోతుగా తెగుతుంది, సన్నగీత పైపైన తెగుతుంది. అరిగేటప్పుడు ముందు పోయేది సన్నదే. 'ఈ' అనే అక్షరంలో మూడు అడ్డగీతలూ పోతే మిగిలేది..."

"ఐ" అన్నాడు మాస్టారు.

"పై రెండూ పోయి అడుగుది ఒక్కటి మిగిలితే..."

"ఎల్!" ఆయన గొంతు క్లాసులో పాఠం చెప్పే రోజుల్లోకి వెళ్ళిపోయింది.

పొద్దుటి ఎండ ఇంకా గోడమీంచి ఏటవాలుగా పడుతోంది. ఆమె వంగి, అరచెయ్యి అడ్డంపెట్టి నీడ చేసి చూసింది. ఏదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఉండాలని చూస్తున్నందువల్ల కనబడుతోందేమోనని అనుమానం. అంతలో చిన్నోడి వేలు ఆమె భుజంమీంచి వచ్చి ఐ అక్షరం పక్కన ఆనింది.

"ఇక్కడ గీత ఉందక్కా" అన్నాడు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి. బ్రష్షు తగులుతుంది. ఎప్పుడూ తగులుతుంది."

ఆమె అదే చోట వేలు పెట్టి కళ్ళు మూసుకుంది. రాతిలో వెంట్రుకంత పల్లం. ఉలి తెగిన పల్లమే, ఎండకూ వానకూ పడ్డ పగులు కాదు. పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. పక్క అక్షరంలో పైన, నడుమ. సందేహం లేదు. తండ్రి చెక్కినప్పుడు వీటిని నాచు కప్పేసి ఉంటుంది. ఆయన చదివి చెక్కినవాడు కాదు, చూసి చెక్కినవాడు. కనబడ్డంత మేరకే లోతు చేశాడు. దొంగపని చెయ్యలేదు, కనబడని గీతను ఊహించి గియ్యనూ లేదు.

ఆమె తుడుచుకోకుండానే కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. రాతిపొడి మీద చారలు కట్టాయి.

"ఏడవకక్కా, నువ్వు కొట్టలేదుగా" అన్నాడు చిన్నోడు ఓదారుస్తూ.

ముగ్గురూ అక్కడే గట్టుమీద కూచున్నారు. కాపలా తాత టీ తెప్పించాడు. మాస్టారుకు ఇక పట్టపగ్గాల్లేవు. ఎన్నాళ్ళకో వినేవాళ్ళు దొరికారు.

"మొదట్లో ఇంగ్లీషు వాళ్ళకు సేల్ అని ఒక మాట ఉండేదమ్మా. మంచికాలం, సుఖం అని అర్థం. అది ఉన్నవాడు సీలీ. జర్మన్ వాళ్ళ దగ్గర దీని తోబుట్టువు ఉంది, అది ఇవాళ్టికీ ధన్యుడనే అర్థంలోనే హాయిగా బతుకుతోంది. ఇంగ్లీషులోనే దీని బతుకు మారిపోయింది. దేవుడి చల్లని చూపు పడ్డవాడు ఎలా ఉంటాడు? కల్లాకపటం లేకుండా ఉంటాడు. అంచేత సీలీ అంటే కపటం లేనివాడు అయింది. కపటం లేనివాణ్ణి చూస్తే లోకానికి ఏమనిపిస్తుంది? అయ్యో పాపం అనిపిస్తుంది. అంచేత జాలిపడదగ్గవాడు అయింది. జాలిపడదగ్గవాడు బలహీనుడు. గొర్రెపిల్లల్ని కూడా అలాగే అనేవారు, నోరూ వాయీ లేనివని. ఆఖరికి, నోరూ వాయీ లేనివాడు తెలివితక్కువ వాడు. ఈ లోపల పలికే తీరూ మారింది, సీలీ కాస్తా సిల్లీ అయింది. ఇదంతా జరగడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. మాటను ఎవరూ పనిగట్టుకుని దించలేదు. తలా ఒక మెట్టు."

"మరి ఈ రాయి అంత పాతది కాదుగా మాస్టారూ?"

"కాదు. అప్పటికే చాలా చోట్ల ఆ మాట పోయింది. అయితే ఇంగ్లండులో ఉత్తరాది పల్లెటూళ్ళలో పాత అర్థంతోనే కొన్నాళ్ళు నిలిచింది. ఆ పిల్లలు అటువైపు వాళ్ళయి ఉంటారు. ఇది నా ఊహ మాత్రమేనమ్మా, రుజువు అడక్కు. ఇంట్లో వాళ్ళ అమ్మమ్మో ఎవరో వాడిన మాట అయి ఉంటుంది."

అక్షరాలమ్మ టీ గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతూ కూచుంది. "మనకీ అంతే కదండీ" అంది. "అమాయకుడు అంటే మాయ లేనివాడేగా? మా చిన్నోణ్ణి అమాయకుడంటే నాకు కోపం వచ్చేది. ఆ మాటలో తిట్టు ఎక్కడుంది అసలు?"

"లేదు. తర్వాత మనం పెట్టాం."

"ఇప్పుడు 'వాడు మరీ మంచోడండీ' అన్నా సగం తిట్టే."

మాస్టారు ఫక్కున నవ్వాడు. భార్య పోయాక ఆయన అలా నవ్వడం ఆమె చూడలేదు. ఆయనకూ అది కొత్తగా అనిపించినట్టుంది, నవ్వు మధ్యలో ఆగి గ్లాసులోకి చూసుకున్నాడు. "మా ఆవిడ నన్ను అనేది, మీరు మరీ మంచివాళ్ళు అని. పుచ్చు కూరగాయలు కొనుక్కొచ్చినప్పుడల్లా అనేది" అన్నాడు మెల్లగా.

కమిటీ వాళ్ళను ఒప్పించడం అంత సులువుగా జరగలేదు. అధ్యక్షురాలు పద్ధతి ప్రకారం నడిచే మనిషి. "ఎవరికి తోచినట్టు వాళ్ళు సమాధి రాళ్ళు మార్చుకుంటూ పోతే ఇంకేముందమ్మా?" అంది. అక్షరాలమ్మ వాదించలేదు. పొద్దున ఎండ ఏటవాలుగా ఉండే వేళకు ఒకసారి రమ్మంది. అధ్యక్షురాలు వచ్చింది. చిన్నోడు ఆమె వేలు పట్టుకుని ఒక్కొక్క గీత మీదా ఆనించి, "ఇది. ఇది. మళ్ళీ ఇది" అని చూపించాడు. ఆవిడ ఈసారి తనంతట తనే ఆ గీతల మీద మళ్ళీ వేలు ఆనించి చూసింది.

"మార్చడం కాదు మేడమ్. ఉన్నదే పైకి తీస్తాం" అన్నాడు మాస్టారు.

"కానీండి" అంది ఆవిడ. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఈ తోటంతా ఇంత శుభ్రంగా ఉంటోంది, మన కాపలాదారు కుర్చీలోంచి లేవగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఎవరు చేస్తున్నారు ఇదంతా?" అంది. కాపలా తాత దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

చెక్కే ముందు తమ్ముడికి చెప్పుకోవాలి. అది కమిటీని ఒప్పించడం కంటే కష్టమని ఆమెకు తెలుసు. రాయి ముందు వాణ్ణి కూచోబెట్టి, "చిన్నోడా, దీని మీద కొన్ని గీతలు మాసిపోయాయి. వాటిని మళ్ళీ పైకి తీస్తా. అప్పుడు పేరు కొంచెం మారుతుంది. సిల్లీ కాదు, సీలీ అవుతుంది" అంది.

"నా పేరు పోతుందా?"

"అది నీ పేరు కాదురా. ఇక్కడ పడుకున్న ఆవిడను వాళ్ళ పిల్లలు ముద్దుగా అనుకున్న మాట. చల్లని మనిషి అని. దేవుడు మెచ్చిన మనిషి అని."

వాడు రాయి మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఆవిడ పిల్లల్ని బాగా చూసుకుందా?"

"బాగా చూసుకుంది. అందుకే రాయి పెట్టించారు."

"అయితే ఆవిడ పేరు ఆవిడకే ఉండనీ" అన్నాడు. "నాకు చిన్నోడు ఉందిగా."

ఆమె సన్న ఉలి తీసింది. సుద్దతో గీతలు గీసింది, గీసినవి రెండుసార్లు చెరిపి మళ్ళీ గీసింది. పాత చెయ్యి ఎవరిదో గాని వాడి వంపు, వాడి వాలు పట్టుకోవాలి, తన చెయ్యి కనబడకూడదు. తండ్రి లోతు చేసిన నిలువు గీతల జోలికి పోలేదు. వాటి పక్కనుంచి అడ్డగీతలు మాత్రం ఒక్కొక్కటీ లోపలికి దించింది, మొదటి దానికి మూడు, రెండో దానికి రెండు. తమ్ముడు పక్కన కూచుని, రాలిన పొడిని ఎప్పటికప్పుడు ఊదుతూ ఉన్నాడు. తండ్రి పోయాక ఆయనతో కలిసి పనిచేసినట్టు ఆమెకు అనిపించింది ఆ ఒక్క పూటే.

బడి పిల్లలు మళ్ళీ వచ్చారు. రాయి చూసి తడబడ్డారు. "ఇదేంటి, స్పెల్లింగ్ తప్పు!" అన్నాడొకడు. ఆ రోజు మాస్టారు అక్కడే ఉండటం వాళ్ళ ఖర్మ. పారిపోదామనుకునేలోపే పాఠం మొదలైపోయింది. సగం మంది మధ్యలోనే జారుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం చివరిదాకా విన్నారు. ఒక పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నను సీలీ అని పిలిచి, ఎందుకో అర్థం చెప్పకుండా రెండు రోజులు ఏడిపించిందట.

అంతమాత్రాన వీధి మారిపోయిందని కాదు. టీకొట్టు వాడు ఇప్పటికీ చిన్నోణ్ణి వెర్రిబాగులోడనే అంటాడు. ఫోనులో ఆ ఫొటో కొన్నాళ్ళు తిరిగి, దానంతటదే వెనకబడిపోయింది. మారింది అక్షరాలమ్మ. ఎవరేమన్నా చేతిలో పని వదిలి కొట్లాటకు పరిగెత్తడం మానేసింది. తమ్ముడు పిల్లలతో కలిసి నవ్వుతుంటే ఒకసారి షెడ్డులోంచి చూసింది. వాళ్ళు వాణ్ణి చూసి నవ్వుతున్నారో, వాడితో కలిసి నవ్వుతున్నారో దూరం నుంచి తెలియలేదు. దగ్గరికెళితే అందులో ఒకడు చిన్నోడి బ్రష్షు లాక్కుని తనే రాయి తోముతున్నాడు. చూసి తన పనిలోకి తను వెళ్ళిపోయింది.

మాస్టారు భార్య రాయి కూడా అయిపోయింది. అన్ని రోజులు తర్జనభర్జన పడ్డ మనిషి ఒక ఉదయం వచ్చి, పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు చాలన్నాడు.

"ఇంకేమీ వద్దా మాస్టారూ? మంచి మాట ఏదైనా?"

"మంచి మాటలు తర్వాత ఏమైపోతాయో చూశాంగా" అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి, "ఆవిడ పేరు నాకు చాలమ్మా. పిలవడానికి బాగుండేది" అన్నాడు. ఆమె ఆ పేరును తనకు చేతనైనంత అందంగా చెక్కింది. ఆయన ఇప్పటికీ వారంలో ఒకటి రెండుసార్లు వస్తాడు. భార్య దగ్గర కాసేపు కూచుని, తర్వాత షెడ్డులోకి వచ్చి, చెక్కబోయే ఇంగ్లీషులో తప్పులేమైనా ఉన్నాయేమో చూసిపెడతాడు. అక్షరాలమ్మ ఆయనకు టీ ఇస్తుంది, ఆయన ఆమెకు ఏదో ఒక మాట కథ చెబుతాడు. కొన్ని కథలు రెండోసారి కూడా చెబుతాడు. ఆమె మొదటిసారి విన్నట్టే వింటుంది.

ఎండాకాలం ముగిసేసరికి కాపలా తాత మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. కూతురింటికి వెళ్ళిపోతానన్నాడు. ఆ పనికి ఎవరిని పెట్టాలని కమిటీలో పెద్దగా చర్చే జరగలేదు. అధ్యక్షురాలు తనే స్వయంగా షెడ్డుకు వచ్చి చిన్నోడికి కొత్త ఖాకీ చొక్కా, బూట్ల జత ఇచ్చింది. గేటు తాళాలు మాత్రం అక్క దగ్గర ఉంచమంది. వాడు చొక్కా వేసుకుని అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుని, బొత్తాలన్నీ మెడ దాకా పెట్టించుకున్నాడు. బూట్లకు తాళ్ళు అక్క కట్టింది.

కాసేపటికి ఆమె గోడమీంచి చూస్తే వాడు తోటలో వట్టి కాళ్ళతో తిరుగుతున్నాడు. బూట్లు రెండూ తాళ్ళతో ముడేసి మెళ్ళో వేసుకున్నాడు.

"ఒరేయ్, అవి కాళ్ళకు వేసుకునేవిరా!"

"తెలుసు" అన్నాడు గొంతు తగ్గించి, వేలు పెదవుల మీద పెట్టుకుని. "చప్పుడవుతున్నాయక్కా. వీళ్ళు లేస్తారు."

"లేస్తే మన పని పోతుందిరా నాయనా" అంది ఆమె. "అలాగే తిరుగు."